పువ్వు పక్కన గొడుగు

కొండ ఊరి బస
ఆదివారం

చిరంజీవి మేస్త్రికి మీ బావ ఆశీస్సులతో రాయునది.

మేము క్షేమంగా చేరాము. బస్సు మలుపులకి మీ అక్కకు తల తిరిగింది. నాకు మెడ తిరగలేదు, పట్టేసింది. కిటికీ సీటు ఆమెదే కావడం వల్ల దారంతా ఆమె భుజం మీదుగా కొండలు చూడవలసి వచ్చింది. బస బాగానే ఉంది. గది చిన్నది, దుప్పటి పెద్దది.

ముఖ్యమైన సంగతి ముందు రాస్తున్నాను. బయలుదేరేటప్పుడు చెప్పిన పని ఒక్కటే చెయ్యి. వంటింటి పైకప్పు కారుతోంది, దాన్ని ఆపు. వంటింటి తూర్పు గోడ జోలికి పోవద్దు. ఆ గోడకు తగిలించినవీ, అరల మీద ఉన్నవీ, ఆ గడియారాలు నావి కావు. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాని వాళ్ళవి. దుకాణం మూసేసినంత మాత్రాన నా బాధ్యత తీరిపోదు. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి అడగవచ్చు.

ఆ గోడకు కిటికీ పెట్టించమని మీ అక్క పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది. పట్టపగలు దీపం వేసుకుని కూరగాయలు తరుగుతున్నానని ఆమె బాధ. చూద్దాం అన్నాను. నేను చూద్దాం అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నీకూ తెలుసు. నీకు అక్క మీద అభిమానం ఎక్కువని నాకూ తెలుసు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ ప్రయాణం కూడా ఆమె ఆలోచనే. పైకప్పు విప్పితే దుమ్ము లేస్తుంది, అది సర్దుకునే దాకా ఊళ్ళు తిరిగి వద్దాం అంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి (కిటికీ తప్ప) అడిగింది కదా అని ఒప్పుకున్నాను. వెంట ఒక కెమెరా తెచ్చాను. అదీ ఒకాయన బాగుచేయమని ఇచ్చి వదిలేసినదే. గడియారాల వాడికి కెమెరా ఎందుకిచ్చాడో ఆయనకే తెలియాలి. బాగుచేశాను. బాగయిందో లేదో తెలియాలంటే ఫోటోలు తీయాలి. అందుకే తీస్తున్నాను. సరదాకి కాదు.

మొదటి ఫోటో ఇక్కడి స్టూడియోలో కడిగించి దీనితో పంపుతున్నాను. మా బస వరండా కిటికీలో పూసిన ఎర్ర పువ్వు. నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని పళ్ళచక్రాలు చూసినవాణ్ణి, ఒక పువ్వును ఇంత తీరిగ్గా చూడడం ఇదే మొదలు. రెక్క అంచున ఉన్న నూగు కూడా పడింది. ఎలా ఉందో నిజం రాయి. నా మనసు కోసం రాయవద్దు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఫోటోలో కిటికీ గట్టు మీద పడుకుని ఉన్న నల్ల గొడుగు మీ అక్కది. అడ్డంగా ఉంది తీయమన్నాను. ఉండనివ్వండి, పువ్వుకు తోడు అంది.


మన ఊరు
శుక్రవారం

బావగారికీ అక్కకూ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ ఉత్తరం ఒకసారి చదివాను, మీరు పంపిన ఫోటో చాలాసార్లు చూశాను. ఇంత స్పష్టంగా నాకు ఎవరూ ఏదీ పంపలేదు. మీకు తెలుసు కదా, నా దగ్గరికి వచ్చేవాళ్ళు గాలిలో చేతులు తిప్పి, ఇంత ఉండాలి మేస్త్రీ, ఇలా ఉండాలి మేస్త్రీ అంటారు. తీరా కట్టాక ఇలా కాదంటారు. మీ పద్ధతే వేరు.

గొడుగు పెట్టడం మరీ మంచి పని అయింది. ఆ గొడుగు బట్ట ఎన్నిసార్లు మారిందో కానీ కర్ర అదే. నాకు టేపు లేని రోజుల్లో అక్కను అడిగి తీసుకెళ్ళి దానితోనే పని చేసుకున్నాను. దాన్ని చూడగానే ఇంక మిమ్మల్ని అడగవలసింది ఏమీ లేకపోయింది.

పైకప్పు మీరు రాసినట్టే చేస్తాను. మిగతాది మీరు పంపినట్టే చేస్తాను. నిశ్చింతగా తిరిగి రండి.

ఇట్లు,
మీ మేస్త్రి

తా.క.: దుమ్ము పడుతుందని గడియారాలన్నీ ముందుగదిలోకి మార్చాను. గుండ్రటి అద్దం ఉన్న పెద్ద గడియారం అక్కడ తగిలించగానే ఆడడం మొదలుపెట్టి గంటలు కొడుతోంది. ఎలా ఆపాలో రాయగలరు. నేను భోజనం చేస్తుంటే పన్నెండు కొట్టింది. అప్పుడు టైము ఒంటిగంటన్నర.


సరస్సు ఒడ్డు బస
బుధవారం

చిరంజీవి మేస్త్రికి మీ బావ ఆశీస్సులు.

గడియారాలు మార్చి మంచి పని చేశావు. నేను చెప్పకుండానే దుమ్ము సంగతి ఆలోచించావంటే నీ మీద నాకు గౌరవం పెరిగింది. ఆ పెద్ద గడియారాన్ని ఆపకు. అది నా చేతిలో ఎన్నడూ ఆడలేదు. విప్పాను, కడిగాను, నూనె వేశాను, బతిమాలాను. నువ్వు మేకుకు తగిలించగానే ఆడిందంటే దానికి నా మీద ఏదో కోపం ఉండి ఉంటుంది. తప్పు టైము కొట్టినా కొట్టనివ్వు.

ఒక్క మాట. ఫోటో స్పష్టంగా ఉందన్నావు, సంతోషం. గొడుగు గురించి ఒక పేరా రాశావు, అదీ బాగుంది. పువ్వు గురించి ఒక్క అక్షరం రాయలేదు. పని తొందరలో మరిచిపోయి ఉంటావు. ఈసారి రాయి.

ఇది రెండో ఫోటో. ఈ బస గది కిటికీ మీదకి పాకిన పసుపు పూల తీగ. వెలుగు పక్కనుంచి పడేదాకా ఆగి తీశాను. ఆగుతూ ఉంటే బస యజమాని వచ్చి ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. పూల వెనక కిటికీ పైన చెక్క చూరు ఏదో కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోకు, పువ్వులు చూడు.

నిజానికి దీనికంటే మంచిది ఇంకొకటి తీశాను. లోయ నిండా ఊదా పూలు, గాలికి అన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. అదే పంపుదామంటే మీ అక్క వద్దంది. అందులో చూడడానికి ఏముంది, అన్నీ పువ్వులే కదా అంది. కవరు అతికించేది ఎప్పుడూ ఆమే కాబట్టి ఆమె మాటే నెగ్గింది.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఈసారి గొడుగు ఆ చూరు అంచుకు వేలాడుతోంది. అక్కడెందుకు తగిలించావని అడిగితే, ఎండగా ఉంది కదండీ, నీడలో పెట్టాను అంది. గొడుగును నీడలో పెట్టే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.


మన ఊరు
సోమవారం

బావగారికి నమస్కారాలు.

శుభవార్త ముందు రాస్తాను. పైకప్పు కారడం ఆగిపోయింది. నిచ్చెన వేసుకుని పైకెక్కి బిందెలకొద్దీ నీళ్ళు పోసి చూశాను. కింద చుక్క పడలేదు. పక్కింటావిడ మీద మాత్రం కొంచెం పడింది. ఆమె ఏమీ అనుకోలేదు, అన్నది నేను వినలేదు.

రెండో శుభవార్త. తూర్పు గోడ కొట్టాను. ఇటుకలు మంచి గట్టివి, మీ మాటలాగే. వెడల్పు గొడుగున్నర, ఎత్తు రెండు గొడుగులకు కొంచెం తక్కువ, మీరు పంపినట్టే ఉంది. ఆఖరి వరస ఇటుకలు తీయగానే ఎండ వచ్చి తిన్నగా పొయ్యి గట్టు మీద పడింది. పక్కింటావిడ తల తుడుచుకుంటూ వచ్చి చూసి, ఈ వంటిల్లు ఇంత పెద్దదా అంది. మసి పట్టిన గోడ ఒకటి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. దానికి సున్నం వేస్తాను, మీరు అడగకపోయినా.

మట్టం పెట్టి చూస్తే ఆ గోడ ఒక పక్కకు ఒరిగి ఉంది బావగారూ. పెద్ద గడియారం ఆడకపోవడంలో దాని తప్పు లేదు. దానికి మీ మీద కోపం కూడా లేదు.

రెండో ఫోటో అందింది. చెక్కపని అతనికి చూపించాను. చూరు బాగా ఎంచారని మెచ్చుకున్నాడు. వానజల్లు లోపలికి కొట్టదు. ఇన్నేళ్ళు వద్దు వద్దన్న మనిషి నోటితో అవునని చెప్పలేక ఇలా ఫోటోలు పంపుతుంటే, చూరుకు మంచి చెక్క నేనే దగ్గరుండి ఎంచాను. అక్కకు ఇంకా చెప్పినట్టు లేదు మీరు. నేనూ చెప్పను.

ఇట్లు,
మీ మేస్త్రి

తా.క.: పువ్వు గురించి రాయమన్నారు. ఏ పువ్వు?


సరస్సు ఒడ్డు బస
గురువారం

మేస్త్రికి,

ఏ పువ్వు అని అడిగావు. దాని సంగతి తరువాత.

నేను ఏ గోడ కొట్టమన్నాను? ఏ కొలత పంపాను? నా మొదటి ఉత్తరం బయటికి తీసి మళ్ళీ చదువు. తూర్పు గోడ జోలికి పోవద్దు అన్న వాక్యంలో నీకు అర్థం కానిది ఏముంది? ఆ గోడ ఒరిగి ఉండవచ్చు. ఒరిగిన గోడ నాది. నీ ఉత్తరం అందగానే కాదు, నా ఉత్తరం అందగానే పని ఆపు. కోపంలో ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు. ఇటుకలు ఎక్కడున్నవి అక్కడ పెట్టు.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. అయ్యో అంది. తరువాత అటు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఇల్లు పాడైపోయిందని ఎంత ఏడ్చిందో. ఆమెను చూసి నా కోపం ఇంకా పెరిగింది.

ఈ ఉత్తరంతో ఫోటో పంపకూడదనే అనుకున్నాను. కానీ మీ అక్క, వాడు చిన్నబుచ్చుకుంటాడు, ఒకటైనా పెట్టండి అని పట్టుబట్టింది. తోట గోడ పక్కన గుత్తులుగా పూసిన తెల్ల పూలు. పక్కనే కూర్చునే రాతి బల్ల ఒకటి వచ్చింది. ఈ పూలకు వాసన ఉంది, అది ఫోటోలో రాలేదు.

ఇట్లు,
బావ

తా.క.: బల్ల మీద గొడుగు ఉంది. నేను ఇంక ఆ విషయం మాట్లాడదలుచుకోలేదు.


మన ఊరు
మంగళవారం

బావగారికి నమస్కారాలు.

మీ కోపం ఉత్తరం అందింది. బల్ల ఫోటో కూడా అందింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. పని ఆపు అని చేతిరాత చెబుతోంది. కిటికీ బయట బల్ల ఎలా ఉండాలో ఫోటో చెబుతోంది. ఎవరి మాట వినాలి?

మా గురువు మేస్త్రి నాకు తాపీ ఇచ్చిన రోజున ఒక పద్ధతి చెప్పారు. యజమాని నోటితో చెప్పింది ఒకటి, చేతిలో పెట్టిన నమూనా ఇంకొకటి అయినప్పుడు నమూనా ప్రకారమే పో అన్నారు. నోటి మాట పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుందిట. దీపస్తంభం దగ్గర ఇంటాయన మెట్లు వద్దు వద్దని అరుస్తూనే జేబులోంచి మెట్ల బొమ్మ తీసి ఇచ్చారు. కట్టాను. ఇప్పుడు రోజూ దాని మీదే కూర్చుని పేపరు చదువుతారు.

మీది అంతకంటే గట్టి నమూనా. వట్టి బొమ్మ కాదు, పక్కన కొలత కర్రతో సహా పంపారు. గొడుగు ఒక్క ఫోటోలో ఉంటే మరిచిపోయి పెట్టారనుకుందును. మూడింటిలోనూ ఉంది. గట్టు మీద ఒక మూల నుంచి మొదలై, ఇంకో సగం గొడుగంత గట్టు మిగిలేలా ఉంది. చూరు నుంచి చూరు ఎంత కిందికి దిగాలో అంత వేలాడుతోంది. బల్ల మీద ఒక కొస నుంచి మొదలైంది. కొలతలు ఇలా ఇవ్వడం మా వాళ్ళల్లోనే చాలామందికి రాదు.

బల్ల కట్టడం అయిపోయింది. రాయి పాతదే, మీ పెరట్లో పడి ఉన్నది. నేను దాని మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. చల్లగా ఉంది.

ఇట్లు,
మీ మేస్త్రి

తా.క.: అక్క ఏడ్చిందని రాశారు. మా అక్క ఏడిస్తే భుజాలు కదలవు బావగారూ. ముక్కు ఎర్రబడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.


పూల లోయ బస
ఆదివారం

మేస్త్రికి,

ఇప్పుడు అర్థమైంది. నేను పూలు పంపుతున్నాను, నువ్వు ఇటుకలు చూస్తున్నావు. నేను మనసు పెట్టి తీసిన ఫోటోలు నీకు పనివాళ్ళకి ఇచ్చే చీటీల్లా కనిపించాయి. సరే. ఇందులో తప్పు నాది కాదు, నీది కూడా పూర్తిగా కాదు. తప్పు ఆ గొడుగుది. అది కొలత కర్ర కాదు. మీ అక్క పరధ్యానం. ఎక్కడికి వెళ్ళినా చేతిలోది ఎక్కడో ఒకచోట పెట్టేయడం ఆమెకు కొత్తగా వచ్చిన అలవాటు. ఇంట్లో ఇలా ఉండేది కాదు. ప్రయాణాల వల్ల అనుకుంటాను.

ఆమె ముక్కు సంగతి నేను గమనించలేదు. గమనిస్తాను.

అందుకే ఈసారి గొడుగును గదిలో పెట్టి తాళం వేసి బయలుదేరదీశాను. కొండ ఎక్కేటప్పుడు వాన పట్టుకుంది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఆమె కొంగు పిండుకుంటూ, గది తాళంచెవి తడవలేదు కదా అని అడిగింది.

దీనితో పంపుతున్న ఫోటోలో గోడ లేదు, చూరు లేదు, బల్ల లేదు. దగ్గరగా కొన్ని నీలిపూలు, దూరంగా మంచులో కొండల వరస, పైన ఆకాశం. మనిషి కట్టినది ఏదీ రాకుండా చూసుకుని మరీ తీశాను. ఇంతవరకు నేను తీసిన వాటిలో ఇదే మంచిది. ఆశ్చర్యం, మీ అక్క కూడా ఇదే పంపమంది. మీరు ఇంత దూరం చూడగలరని అనుకోలేదు అంది. ఇది నమూనా కాదు. మళ్ళీ రాస్తున్నాను, ఇది నమూనా కాదు. ఇందులో నువ్వు కట్టగలిగింది ఏమీ లేదు. చూసి, ఎలా ఉందో చెప్పడం తప్ప నీకు దీనితో పని లేదు.

వచ్చే వారం ఇంటికి వస్తున్నాం. రాగానే ఆ గోడ సంగతి నేనే చూసుకుంటాను. ఇటుకలు పారేయకు.

ఇట్లు,
బావ

తా.క.: తడిసిన బట్టలు గదిలో ఆరబెట్టుకుంటూ, పువ్వును అంత దగ్గరగా చూసినప్పుడు మిగతాదంతా కనపడదా మీకు అని మీ అక్క అడిగింది. భూతద్దం పెట్టుకుంటే పక్కన పిడుగు పడినా తెలియదు, అదే మా పనిలో గొప్పతనం అన్నాను. అవునవును, చాలా ఉపయోగం అంది.


మన ఊరు
శనివారం

బావగారికి నమస్కారాలు.

కొండల ఫోటో అందింది. మీరు రెండుసార్లు నమూనా కాదు అని రాశారు. ఒకసారి రాస్తే నమ్మేవాణ్ణేమో కానీ, ముందు ఫోటో చూశాను. నిజమే, గొడుగు లేదు. కొలత లేదంటే కట్టవలసింది కాదు. కట్టేది కాకపోతే మరి ఎందుకు పంపినట్టు? ఫోటో పట్టుకుని కొత్త కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పుడు తట్టింది. కిటికీలోంచి ఏం కనపడాలో పంపారు.

కిటికీలోంచి కనపడుతున్నది మీ పాత షెడ్డు. విరిగిన గడియారం పెట్టెలు, తుప్పు రేకులు. తీసేశాను. పెట్టెలు పారేయలేదు, వసారాలో పేర్చాను. రేకులు దింపాక వెనక చూస్తే గుట్ట ఉంది బావగారూ. మొత్తం గుట్ట. పొద్దున మంచు పడితే అచ్చం మీ ఫోటోలా ఉంది. ఇన్నేళ్ళుగా మీరు దానికి వీపు పెట్టి కూర్చుని గడియారాలు విప్పారు. మేడ మీది నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది కానీ, అక్క నిచ్చెన ఎక్కలేదు కదా.

ఇంక పువ్వుల సంగతి. మీరు అడుగుతూనే ఉన్నారు, నేను దాటేస్తూనే ఉన్నాను. నిజం ఏమిటంటే నేను చూడలేదు. నిన్న ఫోటోలన్నీ వరసగా పెట్టుకుని పువ్వులు మాత్రమే చూడాలని కూర్చున్నాను. కష్టమైంది. కన్ను గోడ మీదికే పోతుంది. చివరికి గోడల మీద వేళ్ళు అడ్డం పెట్టుకుని చూశాను. ఎర్ర పువ్వు రెక్క అంచున నూగు ఉంది. పసుపు తీగలో ఒక మొగ్గ ఇంకా విప్పుకోలేదు, దాని మీద చీమ ఉంది. మా ఆవిడకు చూపిస్తే నూగు తగులుతుందేమోనని వేలితో తాకి చూసింది. నాకు మెచ్చుకోవడం రాదు. ఆమె తాకింది, అది రాస్తున్నాను.

పై ఊళ్ళో పని వచ్చింది, రేపు వెళ్ళిపోతున్నాను. తాళంతో పాటు ఈ ఉత్తరం కూడా పక్కింట్లో ఇచ్చాను. మీరు ఇంట్లోకి అడుగుపెట్టే సమయానికి నేను అక్కడ లేకపోవడమే మంచిదని మా ఆవిడ అభిప్రాయం. కొత్త చిరునామా వెనక రాశాను. కోపం తగ్గాకే దాన్ని వాడగలరు.

ఇట్లు,
మీ మేస్త్రి

తా.క.: ఇటుకలు పారేయలేదు. బల్ల కింద వేశాను. అవి కావాలంటే ముందు బల్ల తీయాలి.


మన ఊరు
బుధవారం

చిరంజీవి మేస్త్రికి మీ బావ ఆశీస్సులతో రాయునది.

మేము ఇల్లు చేరి కొన్ని రోజులైంది. వెంటనే రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఏం రాయాలో తెలియక.

ఇటుకలు మళ్ళీ పెట్టించాలనే నిర్ణయంతోనే వచ్చాను. దారిలో మనిషిని కూడా మాట్లాడుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఉదయం. మీ అక్క నాకంటే ముందు వంటింట్లోకి వెళ్ళింది. అలవాటుగా దీపం స్విచ్ మీదికి చెయ్యి పోయింది, వెయ్యకుండానే వెనక్కి వచ్చింది. ఆమె అలా చేయడం చూశాక నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆమె తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, చేతిలో గొడుగు గట్టు మీద అడ్డంగా పెట్టింది. తరువాత దాన్ని పక్కకు జరిపి మిగిలిన సగం చూసుకుంది. సరిగ్గా ఉంది అంది. నాతో కాదు, తనలో తాను. దేనికి సరిగ్గా అని అడిగాను. కాఫీ పెట్టనా అంది.

ఆ మధ్యాహ్నం నా దగ్గర ఉన్న ఫోటో ప్రతులన్నీ నా పని బల్ల మీద పరిచాను. భూతద్దం పెట్టుకున్నాను. ఈసారి పువ్వులను వదిలి గొడుగును చూశాను. నువ్వు చెప్పింది నిజమే. మరిచిపోయి పెట్టిన వస్తువు అలా ఉండదు. ప్రతిచోటా అంచుకు అంచు కలిపి, మొన సరిగ్గా మూలకు ఆనించి ఉంది. నేను వెలుగు కోసం ఆగినంతసేపూ ఆమె దాన్ని సర్దుతూనే ఉండి ఉంటుంది. నాకు తెలియలేదు. ఈ పువ్వు తీయండి, ఇక్కడ నిలబడి తీయండి, ఈ ఫోటో పంపండి అన్నది ఆమే. నీకు టేపు లేని రోజుల్లో ఆ గొడుగు ఎరువిచ్చింది కూడా ఆమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవడానికి నాకు ఇన్ని ఊళ్ళు పట్టింది. ఆ రోజు నీ ఉత్తరం విని ఆమె ఏడవలేదని కూడా ఇప్పుడు తెలిసింది. ముక్కు ఎర్రబడిన గుర్తు లేదు.

ఆమెను అడిగాను. కిటికీ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"నువ్వేనా ఇదంతా చేయించింది?"

"నేనేం చేయించానండీ? పువ్వు తీయమన్నాను, తీశారు. కవరు అతికించమన్నారు, అతికించాను."

"నాతో ఒక్క మాట చెప్పవచ్చు కదా."

"చెప్పాను కదా, పెళ్ళయిన కొత్తలో. చూద్దాం అన్నారు." కత్తి ఆపి కిటికీలోంచి గుట్ట వైపు చూపించింది. "చూడండి మరి."

చూశాను. ఇటుకల కోసం మాట్లాడుకున్న మనిషి వస్తే పంపేశాను. బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు.

నువ్వు పువ్వు చూడలేదని ఇన్నాళ్ళూ నీ మీద కోపంగా ఉన్నాను. నేను గోడంత కిటికీని చూడలేదు. ఇంక ఆ విషయం మనిద్దరం ఎత్తకుండా ఉంటే మంచిది. మొగ్గ మీద చీమ ఉందని నువ్వు రాసే దాకా నాకే తెలియదు. మీ ఆవిడ వేలితో తాకిందని రాసిన వాక్యం మీ అక్కకు చదివి వినిపించాను. రెండుసార్లు. రెండోసారి ఆమె అడగలేదు.

గడియారాలు ముందుగదిలోనే ఉంటాయి. పెద్దది ఆడుతూనే ఉంది, టైము నేను సరిచేశాను. మిగతా వాటికి అక్కడ అరలు కావాలి. తిరుగు ప్రయాణంలో స్టూడియోలో ఒక అర నచ్చింది. దాని మీద పూలకూజా పెట్టి ఉంది, ఫోటో తీశాను. దీనితో పంపుతున్నాను. పువ్వు ఉంది, అర ఉంది, గొడుగు కూడా ఉంది. ఈసారి నేనే పెట్టాను.

ఇట్లు,
మీ బావ

తా.క. (అక్క చేతిరాత): తమ్ముడూ, కవరు అతికించే పని ఇంకా నాదే. మీ బావ పెట్టిన అర ఫోటో వెనక ఇంకొకటి పెట్టాను, చూడు. కొండ మీది బసలో రాతి మెట్లు. మెట్టు మెట్టుకూ పూల కుండీ ఉంది, అందుకే తీశారు. మేడ మీదికి నిచ్చెన నేను ఎక్కలేను, గుట్ట అక్కడి నుంచే బాగుంటుందని నువ్వే రాశావు. గొడుగు మూడో మెట్టు మీద ఉంది. జవాబులో మాత్రం పువ్వుల గురించి ముందు రాయి.